ఎవరి ఫారం వారే నింపుకునేలా: ఎర్రమంచిలో మన మొదటి హ్యాకథాన్‌కు ముందు చేయవలసిన పనులు



నిరుడు స్కాలర్‌షిప్పుల సమయంలో జరిగిన ఒక సంగతి ముందుగా మీకు చెప్పాలి. ఎప్పటిలాగే మన సొసైటీ ప్రకటనను అందంగా డిజైన్ చేయించి, పోస్టరు బొమ్మగా వాట్సాప్ గ్రూపుల్లో పంపాం. దరఖాస్తు ఫారం ఆన్‌లైన్‌లో పెట్టాం. గడువు ముగిసే రోజు సాయంత్రం డిగ్రీ చదివే ఒక అబ్బాయి ఆఫీసుకు వచ్చాడు. అతనికి పుట్టుకతోనే చూపు లేదు. ఫోను మాత్రం మనకంటే వేగంగా వాడతాడు. తెర మీద ఉన్నదాన్ని ఆ ఫోనే చదివి వినిపిస్తుంది. కానీ మన పోస్టరు వచ్చినప్పుడు అది "ఫోటో" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంది. ఎవరిదో పెళ్లి ఫోటో అనుకుని వదిలేశాడు. పది రోజుల తర్వాత స్నేహితుడు చెబితే గాని విషయం తెలియలేదు. ఫారం తెరిస్తే ఏ గడిలో ఏం రాయాలో ఫోను చెప్పలేకపోయింది. చివరికి నెట్ సెంటరుకు వెళ్లి రాయించుకున్నాడు.

"దుడ్డు రాకున్నా పర్వాలేదు భయ్యా. మా అబ్బా అప్పులు, అమ్మీ జబ్బు అన్నీ పదిమంది వింటుండగా చెప్పి రాయించుకోవాల్సి వచ్చింది" అన్నాడు.

అతని దరఖాస్తు తీసుకున్నాం, స్కాలర్‌షిప్పు ఇచ్చాం. అయినా ఆ మాట కమిటీలో ఎవరినీ వదల్లేదు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని నేర్చుకున్నవాళ్లం మనం. ఇచ్చేవారి పేరు దాచాం గానీ, పుచ్చుకునేవారి ఇంటి గుట్టును మన ఫారమే బయట పెట్టింది. ఆ తప్పు దిద్దుకోవడానికే ఎర్రమంచిలో ఒక హ్యాకథాన్ జరపాలని సంకల్పించాం. అది ఏమిటో, దానికి ఎలా సిద్ధం కావాలో, అందులో మీ సహకారం ఎక్కడ పనికొస్తుందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

హ్యాకథాన్ అంటే దొంగతనం కాదు

పేరు వినగానే పెద్దలు కొందరు కంగారుపడ్డారు. బ్యాంకు ఖాతాలు హ్యాక్ అయ్యాయని పేపర్లో రోజూ చదువుతున్నాం కదా. కంప్యూటర్ వాళ్ల భాషలో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది: ఒక చిక్కును చేతిలో ఉన్న సాధనాలతో తెలివిగా విప్పడం. దానికి మారథాన్ పరుగులోని చివరి భాగం కలిపి హ్యాకథాన్ అన్నారు. 1999 జూన్‌లో కెనడాలోని కాల్గరీ నగరంలో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రాసేవారు పదిమంది దాకా ఒకచోట చేరి పనిచేశారు. ఆ పేరు వాడిన మొదటి సమావేశాల్లో అది ఒకటి. మన దేశంలో 2017 నుంచి కేంద్ర ప్రభుత్వం కాలేజీ విద్యార్థులకు స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ నిర్వహిస్తోంది. కొందరు జట్లుగా కూర్చుని, ఒకటి రెండు రోజుల్లో ఒక సమస్యకు పనిచేసే పరిష్కారం తయారుచేసి చూపించాలి. అంతే సంగతి.

మన హ్యాకథాన్‌కు తీసుకున్న విషయం వెబ్ యాక్సెసిబిలిటీ. అంటే వెబ్‌సైటును, ఆన్‌లైన్ ఫారాన్ని చూపు లేనివారు, వినికిడి లేనివారు, చేతులు సరిగా ఆడనివారు, చదవడం నెమ్మదిగా సాగేవారు కూడా ఇంకొకరి సాయం లేకుండా వాడుకోగలగడం. మసీదు మెట్ల పక్కన ర్యాంపు కడితే చక్రాల కుర్చీలో వచ్చేవారు లోపలికి రాగలుగుతారు. వెబ్‌సైటుకు కూడా అలాంటి ర్యాంపు ఉంటుంది, కాకపోతే అది కోడులో ఉంటుంది కాబట్టి మన కంటికి కనపడదు. లేకపోయినా మనకు తెలియదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్లమంది వికలాంగులున్నారు. వారిలో చూపు సమస్య ఉన్నవారు 50 లక్షలకు పైనే. ఆ లెక్కలోకి రానివారూ మన ఇళ్లలో ఉన్నారు. ధర్మవరంలో ఏళ్ల తరబడి మగ్గం మీద పట్టుచీరలు నేసి చూపు మందగించిన పెద్దాయనకు ఫోనులో చిన్న అక్షరాలు కనపడవు. చేయి విరిగి కట్టు కట్టుకున్న అమ్మాయి ఒక చేత్తోనే ఫారం నింపాలి. ర్యాంపు మీద బిడ్డల బండ్లు, సామాన్ల బండ్లు కూడా ఎక్కినట్టే, ఈ మార్పులు అందరికీ పనికొస్తాయి.

ఎర్రమంచిలోనే ఎందుకు?

పెనుకొండ మండలంలోని ఈ ఊరు పదేళ్ల కిందట చుట్టుపక్కల వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. 2019లో ఇక్కడి కియా ఫ్యాక్టరీ నుంచి కార్లు బయటికి రావడం మొదలయ్యాక దేశమంతా తెలిసింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడు వైపుల నుంచి మన పిల్లలు పనికోసం ఇటు వస్తున్నారు. 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే మన యువకులు శని, ఆదివారాల్లో ఇంటికొస్తారు. కోడు రాయగలిగినవారికీ, ఆ కోడు అవసరమైనవారికీ మధ్యలో ఉన్న ఊరు ఇది.

ఇంకో కారణం కూడా ఉంది. ఇప్పుడు ఉద్యోగ దరఖాస్తు, కాలేజీ ప్రవేశం, పింఛను వివరాలు, కరెంటు బిల్లు చాలావరకు ఫోనులోనే. కాగితం రోజుల్లో చూపులేని మనిషి ఒక మనిషిని నమ్మితే సరిపోయేది. ఇప్పుడు ఓటీపీ, బ్యాంకు ఖాతా నంబరు, ఆధార్ నంబరు కూడా ఎవరో ఒకరి చేతిలో పెట్టాల్సి వస్తోంది.

దయ మాత్రమే కాదు, హక్కు కూడా

2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే దీనిలో 21 ఉన్నాయి. ఎలక్ట్రానిక్ సమాచారం వికలాంగులకు అందే రూపంలో ఉండేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని ఈ చట్టంలోని 42వ సెక్షను చెబుతోంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. యాసిడ్ దాడికి గురైన ప్రజ్ఞా ప్రసూన్, చూపులేని న్యాయవాది అమర్ జైన్ వేసిన పిటిషన్లపై ఆ తీర్పు వచ్చింది. బ్యాంకు, సిమ్ కార్డు కోసం చేసే ఆన్‌లైన్ కేవైసీలో కెమెరా ముందు కళ్లు ఆర్పి చూపించమంటారు. కళ్లు దెబ్బతిన్నవారు అది ఎలా చేయగలరు? డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని కోర్టు చెప్పి, కేవైసీని మార్చడానికి 20 ఆదేశాలిచ్చింది.

మన ధర్మంలో ఈ పాఠం ఇంకా పాతది. చూపులేని సహాబీ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) నేర్చుకోవాలని వచ్చిన సందర్భంలోనే ఖుర్‌ఆన్ 80వ సూరా 'అబస' అవతరించింది. ఆయన మదీనాలో అజాన్ పలికారు. దైవప్రవక్త (స) ప్రయాణాల్లో ఉన్నప్పుడు మదీనా బాధ్యతలు కూడా చూశారు. చూపులేని మనిషికి ఇచ్చిన స్థానం అది: దానం అందుకునే వరుసలో కాదు, బాధ్యత మోసే చోట. మన హ్యాకథాన్‌లో కూడా ఇదే పద్ధతి పాటించాలి.

ఆస్టిన్ నగరం నేర్పిన పాఠం

ఇలాంటి పని మనమే మొదలుపెట్టడం లేదు. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్ నగరంలో 1998లో యాక్సెసిబిలిటీ ఇంటర్నెట్ ర్యాలీ అనే పోటీ మొదలైంది. దాన్ని నోబిలిటీ అనే స్వచ్ఛంద సంస్థ కొనసాగిస్తోంది. అక్కడ వెబ్‌సైట్లు కట్టేవారిని జట్లుగా చేసి, ఒక్కో జట్టును ఒక్కో సేవాసంస్థకు జోడిస్తారు. ముందు ఆ జట్లకు యాక్సెసిబిలిటీ మీద శిక్షణ ఇస్తారు. ఆ తర్వాతే సైటు కట్టడం, చివర నిపుణుల పరీక్ష.

మనం గమనించవలసింది ఆ క్రమం. శిక్షణ ముందు, కోడు తర్వాత. చాలా హ్యాకథాన్లలో రెండు రోజుల హడావుడి, ఫోటోలు, బహుమతి చెక్కు అయిపోగానే తయారైన వస్తువు మూలన పడుతుంది. విత్తనం వేసే ముందు దుక్కి దున్నకపోతే వాన పడినా ఫలితం ఉండదని మన రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. అందుకే ఆ రెండు రోజులకంటే ముందు ఆరు వారాల సన్నాహం పెట్టుకుంటున్నాం.

సన్నాహం ఎలా?

మొదటి పని: ఒకే ఒక్క సమస్య ఎంచుకోవడం. "సైటంతా బాగుచేద్దాం" అంటే ఏదీ పూర్తికాదు. మన స్కాలర్‌షిప్ దరఖాస్తు ఒక్కటే తీసుకుందాం. ప్రకటన చదవడం, ఫారం నింపడం, సర్టిఫికెట్లు జతచేయడం, అందిందని రసీదు పొందడం. ఈ నాలుగు మెట్లూ ఎవరైనా ఒంటరిగా ఎక్కగలగాలి.

రెండో పని: వాడేవారిని ముందుగా పిలవడం. ప్రతి జట్టులో చూపు, వినికిడి లేదా కదలిక సమస్య ఉన్న సభ్యుడు ఒకరైనా ఉండాలి. అనంతపురం ప్రాంతంలో చూపులేని, వినికిడిలేని పిల్లలకు ఆర్డీటీ ఏళ్లుగా బడులు నడుపుతోంది. అలాంటి బడుల్లో చదువుకుని పెద్దవారైనవారు మన మధ్యనే ఉన్నారు. వారు మనకు నేర్పడానికి వస్తున్నారు కాబట్టి, బయటి నిపుణుడికి ఇచ్చినట్టే గౌరవ పారితోషికం, దారిఖర్చులు ఇవ్వాలి.

మూడో పని: వారు రాగలిగే చోటు చూడడం. యాక్సెసిబిలిటీ సమావేశాన్ని మేడ మీద పెడితే నవ్వులపాలవుతాం. కింది అంతస్తు హాలు, ర్యాంపు, చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి, సైగల భాష చెప్పే మనిషి, కరెంటు పోతే జనరేటరు, నమాజు వేళలకు విరామం, బస్టాండు నుంచి తీసుకురావడానికి ఆటో. ఆడపిల్లలు నిశ్చింతగా వచ్చి పనిచేసే ఏర్పాటు కూడా ఉండాలి.

నాలుగో పని: కోడు రాసేవారికి అనుభవం కలిగించడం. హ్యాకథాన్‌కు రెండు వారాల ముందు ఒక ఆదివారం శిక్షణ పెడదాం. ఆ రోజు మానిటరు ఆపేసి, మౌసు తీసేసి, మన పాత ఫారాన్నే నింపమందాం. కంప్యూటరులో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉంటుంది. ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు అంధ యువకుల కృషి అది. 2006లో మొదలైంది. పూర్తిగా ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ ఉంటుంది. దాన్ని మీరు కూడా ఈ రాత్రి సెట్టింగుల్లో ఆన్ చేసి, కళ్లు మూసుకుని ఒక మెసేజి పంపి చూడండి. ఈ వ్యాసం చెప్పలేనిది ఆ ఐదు నిమిషాలు చెబుతాయి. ఆన్ చేసేముందు ఆపే పద్ధతి కూడా తెలుసుకోండి. అది ఆన్‌లో ఉంటే తాకే తీరు మారిపోతుంది. ఒకసారి తాకితే పేరు చదువుతుంది, రెండుసార్లు తాకితే తెరుచుకుంటుంది.

ఐదో పని: జట్లకు కొలబద్ద ఇవ్వడం. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ డబ్ల్యూ3సీ దీనికోసం డబ్ల్యూకాగ్ అనే నిబంధనలు తయారుచేసింది. వాటి 2.2 రూపం 2023 అక్టోబరులో వచ్చింది. అందులో మన ఫారానికి ముఖ్యమైనవి ఇవి:

బొమ్మ పెడితే, అందులో ఏముందో చెప్పే మాటలు కోడులో ఉండాలి.
ప్రతి గడికి పేరు జతచేయాలి. "తండ్రి పేరు" అన్న మాట గడి పక్కన కనిపిస్తే సరిపోదు, కోడులో కూడా ఆ గడికి ముడిపడి ఉండాలి.
మౌసు లేకుండా ట్యాబ్, ఎంటర్ మీటలతోనే మొత్తం ఫారం పూర్తికావాలి.
అక్షరాల రంగుకూ, వెనుక రంగుకూ తేడా కనీసం 4.5కు 1 ఉండాలి. పోస్టర్లలో మనకిష్టమైన లేత ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలు ఈ పరీక్షలో నెగ్గవు.
తప్పు జరిగితే గడిని ఎర్రగా మార్చి ఊరుకోకూడదు. "పిన్‌కోడులో ఆరు అంకెలుండాలి" అని మాటల్లో చెప్పాలి.
గడువు సమయం పెడితే దాన్ని పొడిగించుకునే వీలుండాలి.
వీడియో పెడితే కింద మాటలు రాసి ఉండాలి.

తెలుగుకూ, ఉర్దూకూ ఉన్న ప్రత్యేక చిక్కు

ఇంగ్లీషు పుస్తకాల్లో దొరకని సమస్య ఒకటి మనకుంది. మన కరపత్రాలు, ఆహ్వానాలు ఎక్కువగా డీటీపీ షాపుల్లో పాత ఫాంట్లతో తయారవుతాయి. కాగితం మీద అవి చక్కటి తెలుగు అక్షరాలే. ఫైలు లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉంటాయి. ఫాంటు వాటి మీద తెలుగు ముసుగు వేస్తుంది. స్క్రీన్ రీడర్ ముసుగు చూడదు, లోపలున్నది చదువుతుంది. వినేవారికి అర్థంలేని శబ్దాలు వినిపిస్తాయి. యూనికోడ్‌లో టైపు చేస్తే ఈ బాధ లేదు. ఉర్దూ పాత డీటీపీ ఫైళ్ల సంగతీ ఇలాంటిదే.

మన ఇళ్లలో ఇంకో ముడి ఉంది. మాట్లాడేది ఉర్దూ, పిల్లలు బడిలో చదివేది తెలుగు లేదా ఇంగ్లీషు. ఒకే పేజీలో మూడు భాషలు పెడతాం. ఏ భాగం ఏ భాషో కోడులో గుర్తు పెట్టకపోతే, తెలుగు గొంతు ఉర్దూ వాక్యాన్ని చదవబోయి తడబడుతుంది, లేదా దాటేస్తుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుందన్న సంగతి కూడా కోడులో చెప్పాలి. ఇవి ఒక్కో వరుస పనులు. కానీ ఇక్కడి మనిషి తప్ప ఇంకెవరూ గుర్తుపెట్టుకుని చేయరు. బెంగళూరు కంపెనీల్లో పనిచేసే మన పిల్లలు మనకు చేయగలిగిన సేవ ఇదే.

గెలుపు ఎవరిది?

బహుమతి నిర్ణయంలో అందానికి మార్కులు తక్కువ. చూపులేని సభ్యుడు, వినికిడిలేని సభ్యుడు, ఫోను కొత్తగా వాడుతున్న ఒక పెద్దావిడ, ముగ్గురూ ఆ ఫారాన్ని ఎవరినీ అడగకుండా నింపగలిగారా, ఎక్కడ ఆగిపోయారు అన్నదే తీర్పు. కంప్యూటరు చేసే తనిఖీలు కూడా ఉచితంగా దొరుకుతాయి గానీ అవి కొన్ని తప్పులే పట్టగలవు. బొమ్మకు మాటలున్నాయో లేదో యంత్రం చెబుతుంది. ఆ మాటలు సరైనవో కావో మనిషే చెప్పాలి.

ఒక హెచ్చరిక. "మా ప్లగిన్ కొంటే మీ సైటు వెంటనే అందరికీ అందుబాటులోకి వస్తుంది" అంటూ కొందరు అమ్మకానికి వస్తారు. అలా ప్రచారం చేసిన ఒక కంపెనీ పది లక్షల డాలర్లు చెల్లించాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో ఆదేశించింది. సైటు మీద పైపూత పూస్తే లోపలి గోడ బాగుపడదు.

ఇంకొకటి మరవకూడదు. పరీక్షల కోసం పాత దరఖాస్తుల్లోని నిజమైన పేర్లు, ఆదాయాలు, ఆధార్ నంబర్లు ఒక్కటి కూడా జట్ల చేతికి ఇవ్వం. కల్పించిన వివరాలతోనే పని జరుగుతుంది. గుట్టు కాపాడడానికి మొదలుపెట్టిన పని గుట్టు బయటపెట్టకూడదు.

దాతలు చేయగలిగినది

పైన చెప్పిన సాధనాలు చాలావరకు ఉచితం కాబట్టి మీ సొమ్ము యంత్రాలకు కాక మనుషులకు చేరుతుంది: వికలాంగ సభ్యుల పారితోషికానికి, దారిఖర్చులకు, సైగల భాష చెప్పేవారికి, భోజనాలకు. బహుమతి పెద్దదిగా ఉండాలని కొందరు సూచించారు. బహుమతి చిన్నదైనా ఫర్వాలేదు, హ్యాకథాన్ అయ్యాక ఏడాదిపాటు ఆ ఫారాన్ని చూసుకునే మనిషికి ఖర్చు కేటాయించండని నా మనవి. ఫోన్లు మారతాయి, ఫారంలో కొత్త ప్రశ్నలు చేరతాయి. ఒకసారి సరిచేసినది మళ్లీ చెడుతుంది. బోరు వేయించినవారు మోటారు మరమ్మతుకు కూడా కొంత పక్కన పెడతారు కదా.

వ్యాపారాలు, బడులు, ఆస్పత్రులు నడిపే దాతలు ఇంకో మేలు చేయగలరు. మీ సొంత ప్రకటనలను పోస్టరు బొమ్మతో పాటు అదే విషయం టైపు చేసిన మాటల్లో కూడా పంపండి. దీనికి ఖర్చు లేదు, హ్యాకథాన్ వరకు ఆగక్కరలేదు. మన సొసైటీ వాట్సాప్ గ్రూపుల్లో ఈ నియమం ఇప్పటికే అమల్లో ఉంది. ఈ సంచికను కూడా యూనికోడ్ ఫైలుగా పంపాలని కమిటీని కోరాను.

మచిలీపట్నం దగ్గర పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లాకు చూపు లేదు. పదో తరగతి తర్వాత సైన్సు చదవడానికి వీల్లేదంటే కోర్టుకు వెళ్లి సాధించుకున్నారు. అమెరికాలో ఎంఐటీలో చదివి, తిరిగి వచ్చి బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించి ఎందరికో పని కల్పించారు. అందరూ కోర్టుకు వెళ్లలేరు. వెళ్లాల్సిన అవసరం రాకుండా తలుపు ముందే తెరిచి ఉంచడం మన చేతిలో ఉంది.

నిరుడు ఆఫీసుకు వచ్చిన ఆ అబ్బాయిని మన హ్యాకథాన్‌కు మొదటి పరీక్షకుడిగా రమ్మని అడిగాం. ఒప్పుకున్నాడు. "ఈసారి నా ఫారం నేనే నింపుతాను, మీరెవరూ పక్కన నిలబడొద్దు" అని షరతు పెట్టాడు. ఆ షరతు నెగ్గించడమే మన పని. అల్లాహ్ మన అందరి సేవను స్వీకరించుగాక. ఆమీన్.